రాసేవాళ్లూ కట్టక్కర్లేదు, చదివేవాళ్లూ కట్టక్కర్లేదు: మా పత్రికను ఓపెన్ యాక్సెస్‌లోకి తెచ్చిన అనుభవం

దక్కన్ చరిత్ర మీద, ఊళ్ల చరిత్రల మీద ఒక చిన్న పరిశోధన పత్రికను కొందరు రిటైర్డ్ ప్రొఫెసర్లు హైదరాబాద్‌లో ఏళ్లుగా నడుపుతున్నారు. ఏడాదికి రెండు సంచికలు. కొన్ని వ్యాసాలు తెలుగులో, కొన్ని ఇంగ్లిష్‌లో. నేను ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. వీలు దొరికినప్పుడల్లా బర్కత్‌పురాలోని ఆ ఆఫీసుకు వెళ్లి పత్రిక పనులు చూస్తుంటాను. దాన్ని పూర్తిగా ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోగలిగేలా) చేసి, డీఓఏజేలో, అంటే ప్రపంచంలోని ఓపెన్ యాక్సెస్ పత్రికలను పరిశీలించి నమోదు చేసే డైరెక్టరీలో, చేర్పించే బాధ్యత నామీద పెట్టారు. అది ఎలా జరిగిందో, ఎక్కడ చిక్కుకుందో రాస్తున్నాను. మన దగ్గర ఇలాంటి పత్రికలు చాలా ఉన్నాయి. నడిపేవాళ్లలో ఒకరిద్దరికైనా పనికొస్తుంది.

ఈ పని ఎందుకు మొదలైందో ముందు చెప్పాలి. నల్లగొండ జిల్లాలో ఒక స్కూల్ టీచర్ తన మండలంలోని చెరువు తూముల దగ్గరున్న శాసనాల మీద చక్కటి వ్యాసం రాశారు. సెలవు రోజుల్లో తిరిగి, రాళ్ల మీద మట్టి కడిగి, పాఠం రాసుకుని వచ్చిన మనిషి. మేం అచ్చువేశాం. చందాదారులకు వెళ్లినవి వెళ్లగా మిగిలిన కాపీలు బీరువాలో చేరాయి. తర్వాత వరంగల్ నుంచి ఒక పీహెచ్‌డీ విద్యార్థిని మా లైబ్రరీకి వచ్చి సరిగ్గా ఆ చెరువుల గురించే అడిగింది. అలాంటి వ్యాసం ఒకటి ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. గూగుల్‌లో లేదు, ఏ డేటాబేస్‌లోనూ లేదు. తెలిసే దారే లేదు.

ఆన్‌లైన్‌లో పెడదామనగానే కమిటీలో అందరూ సరేనన్నారు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గరే వాదన వచ్చింది. ఒక ప్రైవేటు సంస్థ మనిషి వచ్చి, సైటు, డీఓఐ నంబర్లు (ప్రతి వ్యాసానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యలు), ఇండెక్సింగ్ (డేటాబేస్‌లలో చేర్పించడం) అన్నీ తామే చూసుకుంటామని, రచయితల దగ్గర ఒక్కో వ్యాసానికి ఫీజు వసూలు చేసి అందులో సగం తమకు ఇస్తే చాలని చెప్పాడు. ప్రపంచమంతా ఇదే పద్ధతి కదా అని కమిటీలో కొందరికి నచ్చింది.

నాకు నచ్చలేదు. ఆ టీచరు ఏ ఫీజు కడతారు? చదివేవాళ్ల ముందున్న గోడను తీసి రాసేవాళ్ల ముందు కట్టినట్టు అవుతుంది. పెద్ద పత్రికల్లో ఆ గోడ ఎంత ఎత్తుకు వెళ్లిందో కమిటీకి చూపించాను. 2020 నవంబర్‌లో 'నేచర్' పత్రిక ఓపెన్ యాక్సెస్‌కు ప్రకటించిన ఫీజు 9,500 యూరోలు. అప్పటి లెక్కన ఎనిమిది లక్షల రూపాయలు దాటుతుంది. పేద దేశాల రచయితలకు మినహాయింపు ఉంటుంది కదా అని ఒక సార్ అడిగారు. ఉంటుంది, కానీ కొన్ని పెద్ద సంస్థల నియమం చూస్తే, దిగువ మధ్య ఆదాయ దేశాలకు రాయితీ రావాలంటే ఆ దేశ జీడీపీ 20 వేల కోట్ల డాలర్ల లోపు ఉండాలి. మన జీడీపీ దానికి ఎన్నో రెట్లు. దేశం పెద్దది కాబట్టి మన టీచర్‌కు రాయితీ లేదు.

ఓపెన్ యాక్సెస్ అంటే రచయిత డబ్బు కట్టడమే అన్న అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, మొదట్లో అలా లేదు. 2002 ఫిబ్రవరి 14న విడుదలైన బుడాపెస్ట్ ప్రకటనలో పరిశోధన వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదువుకునేలా, వాడుకునేలా ఉండాలన్నారు. అందుకయ్యే ఖర్చుకు ఫౌండేషన్లు, ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, విరాళాలు అంటూ చాలా దారులు చెప్పారు. లాటిన్ అమెరికా అంతకు ముందే ఆ దారి పట్టింది. బ్రెజిల్‌లో సైలో అనే ఆన్‌లైన్ పత్రికల వేదిక 1990ల చివర్లోనే ప్రజాధనంతో మొదలైంది. మెక్సికోలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం అలాంటిదే రెడాలిక్‌ను నడుపుతోంది. అక్కడ విశ్వవిద్యాలయాల పత్రికలు ఎక్కువగా స్పానిష్‌లో, పోర్చుగీస్‌లో వస్తాయి. చాలావరకు రచయితల దగ్గర పైసా తీసుకోవు. ఈ పద్ధతినే ఇప్పుడు డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. 2021లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఇలాంటి పత్రికలు ప్రపంచంలో 17 వేల నుంచి 29 వేల దాకా ఉంటాయని అంచనా వేసింది.

కమిటీని ఒప్పించింది మాత్రం యునెస్కో పత్రం. 2021 నవంబర్‌లో సభ్యదేశాలన్నీ, మన దేశంతో సహా, ఓపెన్ సైన్స్ సిఫార్సును ఆమోదించాయి. లాభాపేక్ష లేకుండా పరిశోధకులే నడుపుకునే ప్రచురణలకు అండగా నిలవాలని అందులో ఉంది. మా అధ్యక్షుడు సార్ ఆ పేజీ ప్రింటు తీయించుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివి, "మనం చేస్తున్నది ఇదే కదమ్మా, ఇన్నాళ్లూ పేరు తెలియలేదు" అన్నారు. ఫీజు ప్రతిపాదన అక్కడితో ఆగింది.

ఇక పని. ముందు ఐఎస్ఎస్ఎన్, అంటే పత్రికకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య. అచ్చు పత్రికకు ఉన్న నంబరు ఆన్‌లైన్ పత్రికకు సరిపోదు, వేరేది తీసుకోవాలి. మన దేశంలో ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ నిస్‌పర్ ఇస్తుంది, ఫీజు లేదు. పాత రికార్డులో పత్రిక పేరు ఒక స్పెల్లింగ్‌తో, కవర్ మీద ఇంకో స్పెల్లింగ్‌తో ఉంది. డీఓఏజే వాళ్లు ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఉన్న పేరుతో సైటులో ఉన్న పేరును సరిపోల్చి చూస్తారు. కాబట్టి ముందే సరిచేయించుకున్నాం. దరఖాస్తు తిరస్కరిస్తే మళ్లీ పెట్టడానికి ఆరు నెలలు ఆగాలి. ఆ టెన్షన్‌తో ప్రతి చిన్న విషయమూ ముందే చూసుకున్నాను.

సైటుకు ఓజేఎస్ వాడాం. కెనడాలో జాన్ విలిన్‌స్కీ మొదలుపెట్టిన పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ తయారుచేసి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్ ఇది. వ్యాసం పంపడం, నిపుణుల పరిశీలనకు (రివ్యూకు) ఇవ్వడం, దిద్దుబాట్లు, ప్రచురణ అన్నీ అందులోనే జరుగుతాయి. మా కాలేజీలో కంప్యూటర్స్ చెప్పే ఒక కుర్రాడు ఇన్‌స్టాల్ చేసిపెట్టాడు. ఇంగ్లిష్ వ్యాసాలు బాగానే వచ్చాయి. తెలుగు శీర్షిక ఎక్కించి సేవ్ చేస్తే మాత్రం వరసగా ప్రశ్నార్థకాలు. ఎన్ని విధాల చూసినా అంతే. ఓజేఎస్ వాడేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే చోట మా ఇబ్బంది రాసిపెట్టాను. ఇండోనేషియా నుంచి ఒక లైబ్రేరియన్ జవాబిచ్చాడు. వాళ్ల పత్రికలో అరబిక్ లిపి వ్యాసాలు ఉంటాయట, వాటికీ ఇదే జరిగిందట. డేటాబేస్ యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ దాచుకోగల పద్ధతిలో) తయారు కాలేదని, సెట్టింగ్స్ ఫైలులో ఏ వరస మార్చాలో, పట్టికలను ఏ క్రమంలో మార్చాలో ఓపికగా రాశాడు. ముందు బ్యాకప్ తీసుకోమని రెండుసార్లు చెప్పాడు. మా పేర్లు కూడా అతనికి తెలియవు. తెలుగు అక్షరాలు తెర మీద సరిగ్గా కనబడిన రోజు అతనికి స్క్రీన్‌షాట్ పంపిస్తే, చదవడం రాకపోయినా అక్షరాలు గుండ్రంగా అందంగా ఉన్నాయని రాశాడు.

అసలు కష్టం పాత సంచికల దగ్గర వచ్చింది. తెలుగు పత్రికల్లో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, పాతవన్నీ అను ఫాంట్లలో టైపు చేసినవే. పీడీఎఫ్‌లో చూస్తే చక్కని తెలుగు. కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం. అంటే కంప్యూటర్ దృష్టిలో అందులో తెలుగే లేదు. "కాకతీయ" అని వెతికితే దొరకదు. పీడీఎఫ్‌లు అలాగే ఎక్కించేస్తే చాలని కొందరన్నారు. వెతికితే దొరకని వ్యాసం బీరువాలో ఉంటే ఏం, సర్వర్‌లో ఉంటే ఏం?

కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే రూపంలోకి, మార్చాం. మామూలు వచనం చాలావరకు సరిగ్గానే వచ్చింది. శాసన పాఠాలు మాత్రం దెబ్బతిన్నాయి. ఒత్తులు పక్క అక్షరానికి అతుక్కున్నాయి. బండి ఱ కొన్నిచోట్ల మామూలు ర అయింది. శాసనంలో ఱ ఉందా ర ఉందా అన్నదాన్ని బట్టి కాలాన్ని అంచనా వేసే పండితులకు ఇది చిన్న తేడా కాదు. మా డీటీపీ ఆపరేటర్ అన్న సాయంత్రాలు చిక్కడపల్లిలో తన షాపు పని అయ్యాక వచ్చేవాడు. అచ్చు సంచిక చేతిలో పట్టుకుని తను పైకి చదివేవాడు, నేను తెర మీద అక్షరం అక్షరం చూసేదాన్ని. "మేడం, ఈడ దీర్ఘం పోయింది సూడుండ్రి" అని ఆపేవాడు. శాసనంలోని పదాలు చాలా వాటికి అర్థం తనకు తెలియదు, అయినా ఆకారం తప్పితే ఇట్టే పట్టేసేవాడు. ఆ సంచికలను మొదట టైపు చేసింది అతనే. ప్రతి సంచిక ఎడిటోరియల్ పేజీలో ఇప్పుడు అతని పేరు వేస్తున్నాం.

లైసెన్స్ విషయంలో సుదీర్ఘంగా మాట్లాడుకున్నాం. ఓపెన్ యాక్సెస్ అంటే ఉచితంగా చదవనివ్వడం ఒక్కటే కాదు. ఆ వ్యాసంతో ఎవరు ఏం చేసుకోవచ్చో స్పష్టంగా రాసి ఉండాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ బై అంటే రచయిత పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చు, అనువదించుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. అమ్ముకోవచ్చు అనగానే అధ్యక్షుడు సార్‌కు కోపం వచ్చింది. "మన పిల్లలు చెమటోడ్చి రాస్తే, ఎవడో గైడు పుస్తకమేసి అమ్ముకుంటడా? ఎట్ల ఒప్పుకుంటమమ్మా?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అమ్మకం కుదరదనే లైసెన్సు కూడా ఉంది, దాన్నీ డీఓఏజే అంగీకరిస్తుంది. కానీ అది పెట్టుకుంటే రేపు ఒక చిన్న ప్రచురణకర్త ఈ వ్యాసాలను సంకలనంగా వేసి, అచ్చు ఖర్చు రాబట్టుకోవడానికి వంద రూపాయల ధర పెట్టినా చిక్కే. వ్యాసంలోని పాఠాన్ని, బొమ్మలను వికీపీడియాలోకి తీసుకోవాలన్నా కుదరదు. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల గురించి రాసేవాళ్లకు మూలాలు దొరక్క ఎంత ఇబ్బంది పడుతున్నారో నాకు తెలుసు. చివరికి కొత్త వ్యాసాలకు సీసీ బై పెట్టాం. కాపీరైట్ రచయితదే, పత్రికకు బదిలీ చేయనక్కర్లేదని ఒప్పంద పత్రంలో రాశాం. పాత వ్యాసాలకు రచయిత ఏది ఒప్పుకుంటే అది.

దాంతో పాత రచయితలను వెతకడం మొదలైంది. కొందరు చనిపోయారు, కొందరి అడ్రసులు లేవు. కరీంనగర్‌లో ఒక దివంగత రచయిత కూతురికి ఫోన్ చేసి అంతా వివరిస్తే ఆమె అడిగింది ఒకటే: "నాన్న పేరు ఉంటది కదా?" ఈ లైసెన్స్‌లో తప్పనిసరి షరతు అదొక్కటేనని చెప్పాను. మర్నాడే సంతకం చేసి వాట్సాప్‌లో పంపింది. సమ్మతి దొరకని వ్యాసాలకు శీర్షిక, రచయిత పేరు మాత్రమే పెట్టాం. కనీసం అవి ఉన్నాయని తెలుస్తుంది.

డీఓఏజే దరఖాస్తుకు వద్దాం. ఈ డైరెక్టరీ 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇప్పుడు 20 వేలకు పైగా పత్రికలున్నాయి, అందులో సగానికి మించి రచయితల దగ్గర డబ్బు తీసుకోనివే. దరఖాస్తుకు ఫీజు లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మేం సైటు పెట్టినప్పటి నుంచి "డీఓఏజే ఇండెక్సింగ్ ఇప్పిస్తాం, ఇంత అవుతుంది" అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎవరికీ రూపాయి ఇవ్వకండి. దరఖాస్తులను చూసేవాళ్లలో చాలామంది వివిధ దేశాల వాలంటీర్లు.

ఎడిటోరియల్ బోర్డు విషయంలో మనసు నొప్పించిన సంగతి ఒకటుంది. దక్కన్ చరిత్ర మీద పనిచేసే విదేశీ ప్రొఫెసర్ ఒకరిని బోర్డులోకి ఆహ్వానిస్తే, హైదరాబాద్ నుంచి వచ్చే పత్రికల ఆహ్వానాలంటే తనకు కొంచెం జంకు అని, పాత సంచికలు చూశాకే చెబుతానని మర్యాదగా రాశారు. ఆయనది తప్పని అనలేను. 2019లో అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు, సరైన పీర్ రివ్యూ లేకుండానే ఉందని చెప్పుకుంటూ ఫీజులు వసూలు చేసిందన్న కేసులో, హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒక ప్రచురణ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. దేశం మొత్తం మీద చూసినా, యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 2018లో ఒకేసారి 4,305 పత్రికలను తీసేయాల్సి వచ్చింది. ఎవరో చేసిన దానికి ఈ ఊరి నుంచి నిజాయితీగా పనిచేసేవాళ్లందరూ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తోంది. మేం వాదనకు దిగలేదు. సంచికలతో పాటు, రివ్యూ ఎలా చేయిస్తామో చూపించే పత్రాలు, పేర్లు తీసేసి, పంపించాం. ఆయన బోర్డులో చేరారు. రెండు వ్యాసాలు రివ్యూ కూడా చేసి పెట్టారు.

డీఓఏజే నియమాల్లో మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టినది మరొకటి. చివరి రెండు సంచికల్లో ఎడిటర్లు, బోర్డు సభ్యులు, రివ్యూయర్లు రాసిన వ్యాసాలు 25 శాతం మించకూడదు. మా దగ్గర సంచిక నిండకపోతే బోర్డులోని సార్లే వ్యాసం ఇచ్చి ఆదుకునేవారు. ఎన్నో ఏళ్లుగా పత్రిక నిలబడింది ఆ మంచితనం మీదే. ఇప్పుడు వాళ్లకే "సార్, ఈసారి మీ వ్యాసం వేయలేం" అని చెప్పాలి. ఎనభై దాటిన ఒక సార్ ఇంటికి వెళ్లి కూర్చుని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మంచిదే అమ్మా. కొత్త పిల్లలను వెతుకుదాం, నేను ఫోన్లు చేస్తా" అన్నారు. ఆయన పాత శిష్యుల్లో ఎవరు ఏ జిల్లాలో ఏం రాసుకుంటున్నారో ఆయనకే తెలుసు. అలా వచ్చిన వ్యాసాలతోనే తర్వాతి సంచికలు నిండాయి. ఆ నియమం లేకపోతే మాకు ఆ రచయితలు దొరికేవారు కారు.

దరఖాస్తు పెట్టాక ప్రశ్నలు వచ్చాయి. రివ్యూ ఎలాంటిదో, ఫీజు లేదన్న మాట సైటులో ఏ పేజీలో ఉందో, ప్రతి వ్యాసానికీ విడి లింకు ఉందో లేదో అడిగారు. జవాబిచ్చాం. ఆమోదం వచ్చింది. ఆ మెయిలు అధ్యక్షుడు సార్‌కు ఫోన్‌లో చదివి వినిపించాను.

డీఓఏజేలో చేరాక తెలిసిన గొప్ప సాయం జాస్పర్. 2000 నుంచి 2019 లోపు 170కి పైగా ఓపెన్ యాక్సెస్ పత్రికలు ఇంటర్నెట్ నుంచి పూర్తిగా మాయమయ్యాయని ఒక అధ్యయనంలో తేలింది. నడిపే మనిషి పోయినా, హోస్టింగ్ డబ్బు కట్టకపోయినా అంతే. అందుకని డీఓఏజే, ఇంటర్నెట్ ఆర్కైవ్, క్లాక్స్, పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ వంటి సంస్థలు కలిసి, ఫీజు తీసుకోని పత్రికలను భద్రపరిచే ఈ జాస్పర్ పని చేపట్టాయి. పత్రికకు ఖర్చు లేదు. మేం నడిపినా నడపలేకపోయినా తూముల శాసనాల వ్యాసం ఎక్కడో ఒకచోట నిలిచి ఉంటుంది.

డబ్బు ఎక్కడ అవసరమైందంటే, హోస్టింగ్‌కు, డీఓఐకి. డీఓఐలు ఇచ్చే క్రాస్‌రెఫ్ సంస్థలో మేం చేరినప్పుడు చిన్న ప్రచురణకర్తకు ఏడాదికి 275 డాలర్లు, కొత్త వ్యాసానికి ఒక డాలరు. 2023 నుంచి నేపాల్, బంగ్లాదేశ్ వంటి దేశాల పత్రికలకు ఆ ఫీజు లేదు. మనకు ఆ వెసులుబాటు లేదు. నేపాల్‌కు ఇచ్చినందుకు సంతోషమే. కానీ దేశం లెక్క చూసి పత్రిక జేబును అంచనా వేయడం సరి కాదని నా అభిప్రాయం. ఆ డబ్బు ఇప్పుడు మా కమిటీ సభ్యులు వేసుకుంటున్నారు.

పరిశోధన పత్రికలకు దేశమంతటికీ కలిపి చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి ప్రభుత్వం మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల పత్రికలు 2025 నుంచి ప్రభుత్వ కాలేజీల పిల్లలకు అందుతున్నాయి. లైబ్రేరియన్‌గా నేను దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను, మా పిల్లలు ఇంతకుముందు చూడని పత్రికలవి. అయితే నల్లగొండలోని స్కూల్ టీచర్‌కు అది రాదు. పైగా ఆ డబ్బు చదవడానికి చందా, అంతే. చందా ఆగితే చదువు ఆగుతుంది. అందులో ఒక పిసరు తీసి మన విశ్వవిద్యాలయాల, సంఘాల పత్రికలకు సర్వర్లు, డీఓఐలు, యూనికోడ్ మార్పిడి ఖర్చు భరిస్తే, బ్రెజిల్ చేసిన పని మనమూ చేయగలం. నిధులిచ్చే చోట అడిగే వీలున్న ప్రతిసారీ ఇదే అడుగుతున్నాను.

ఈ మధ్య ఇంకో రెండు తెలుగు పత్రికల వాళ్లు తమ అను ఫైళ్లతో మా ఆఫీసుకు వచ్చారు. సర్వర్ ఏది కొనాలని అడిగారు. అది తర్వాత చూద్దాం, ముందు పాత రచయితల ఫోన్ నంబర్లు రాసుకుని సమ్మతి పత్రాలు తీసుకోవడం మొదలుపెట్టండని చెప్పాను. మా పత్రం నమూనా ఇచ్చి పంపాను. డీటీపీ అన్న వచ్చే ఆదివారం నుంచి వాళ్ల దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నాడు, ఈసారి తన పనికి తగిన డబ్బు తీసుకునే షరతు మీద.